మిషన్ కొట్టిన చెవులు

కోలారు జిల్లాలో దేన్ని చూసినా మొదట అడిగే మాట "ఎంతైంది?" బోరు వేయించినా, సీమావును కొని కొట్టంలో కట్టేసినా, కూతురి పెళ్లికి పట్టుచీర తీసినా అదే ప్రశ్న. అందులో నాకెప్పుడూ తప్పు కనిపించలేదు. మా హాల్లో రికార్డు ప్లేయరునూ, యాంప్లిఫయరునూ, నడుమెత్తు స్పీకర్లనూ చూసినవాళ్లు కూడా ముందు అదే అడుగుతారు. ఈ అభిరుచి ఉన్న నా స్నేహితులు చాలామంది ఆ మాటకి జంకుతారు. సగానికి సగం తగ్గించి చెబుతారు, లేకపోతే కాఫీ తాగుతారా అని మాట మారుస్తారు. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తాను. స్పీకర్ల జత 1,10,000. యాంప్లిఫయరు 55,000. ప్లేయరు పాతది, 40,000. సూది ఉండే కార్ట్రిడ్జి 14,000.

"మూడు సీమావులొచ్చేవి కదప్పా," అన్నాడు శ్రీనివాసపురం నుంచి వచ్చిన మా పెద్దమ్మ కొడుకు. వచ్చేవే. రోజూ డెయిరీకి పాలు పోసే మనిషికి ఆ లెక్క తప్పని నేనెలా చెబుతాను? డబ్బు ఎంత పోసిందీ చెప్పాక, ఎక్కడ పోసిందీ చెప్పాలి. ఎక్కడ పోయకూడదో అది కూడా చెప్పాలి. అది చెప్పకపోతే మిగతాదేదీ ఎవరూ నమ్మరు.

మాది కేజీఎఫ్, కోలారు బంగారు గనుల ఊరు. మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు, గని మిల్లులో పనిచేసి రిటైరయినవారు. యాంప్లిఫయరు వెనక మెరుస్తున్న పచ్చటి ప్లగ్గుని పీకించి, కళ్లజోడు పైకి నెట్టి, వేళ్ల మధ్య తిప్పి తిప్పి చూశారు. "ఇది నిజం బంగారమేనా?" నిజమే. ఇలాంటి ప్లగ్గుల మీద పూత మందం సాధారణంగా ఒక మైక్రానుకి లోపే. మొత్తం గీకి తూస్తే రెండు మిల్లీగ్రాములుంటే గొప్ప. ఆయన అక్కడికక్కడే లెక్క కట్టారు. మొదటి రోజుల్లో ఇక్కడి రాయి టన్నుకి 40 గ్రాములు దాటి ఇచ్చేది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేనాటికి 3 గ్రాములు రావడం కష్టమైంది. ఆ చివరి రాయి లెక్కన ప్లగ్గుకి ముప్పాతిక కిలో రాయి కూడా అక్కర్లేదు. "మరి దీనివల్ల పాట బాగుంటుందా?" అన్నారు. ఉండదు. కరెంటుని బాగా మోసేది వెండి, తర్వాత రాగి, ఆ తర్వాతే బంగారం. బంగారానికున్న సుగుణం ఒకటే, దానికి చిలుము పట్టదు. ఏళ్లు గడిచినా ప్లగ్గు గరగరమనకుండా ఉంటుంది, అంతే. ఆ పని రెండు వందల రూపాయల వైరు మీది పూత కూడా చేస్తుంది. ఇరవై వేల వైరు అంతకన్నా చేసేదేమీ లేదని నా నమ్మకం. ఈ మాట మా అభిరుచివాళ్లకి నచ్చదు, వాదనకి దిగుతారు. కానీ బయటివాళ్లకి మా మీద ఉన్న అనుమానంలో సగం ఇలాంటి వైర్ల దగ్గరే పుట్టింది. ఆ సగం న్యాయమైనదే.

డబ్బు పని చేసేది రెండు చివర్లలో: పాటని గాడిలోంచి తీసే సూది దగ్గర, గాలిలోకి వదిలే స్పీకరు దగ్గర.

సూది మొన వజ్రం. ఎల్‌పీ రికార్డు గాడి తలవెంట్రుక కన్నా సన్నం. ఆ సూది మొన గుండ్రతనం 18 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. పాత 78 రికార్డులకి అది పనికిరాదు, వాటి గాడి వెడల్పు. సన్న సూది అడుక్కి జారిపోయి మట్టిని గీకుతుంది. వాటికి 75 మైక్రాన్ల మొన కావాలి. అందుకే నా దగ్గర రెండు సూదులు. సూది కదలికకి పుట్టే కరెంటు వోల్టులో వెయ్యో వంతుల్లో ఉంటుంది. దాన్ని అన్ని రెట్లు పెంచాలి. అలా పెంచేటప్పుడు పాటతో పాటు గదిలో నడిచినవాళ్ల అడుగులూ, వీధిలో పోయే లారీ అదురూ పెరుగుతాయి.

ఈ సంగతి బెంగళూరులో చెబితే అర్థం చేయించడానికి అరగంట పడుతుంది. కేజీఎఫ్‌లో అరనిమిషం. ఇక్కడ ఎయిర్ బ్లాస్ట్ తెలియని ఇల్లు లేదు. మూడు కిలోమీటర్లకి పైగా లోతుకి తవ్విన చోట, పైనున్న బరువుకి రాయి ఒక్కసారిగా పగిలేది. పైన ఇళ్లలో స్టాండు మీది గిన్నెలు దబదబా కిందపడేవి. గనులు మూసి, లోపల నీళ్లు నిండుతున్న రోజుల్లో కూడా అదుర్లు ఆగలేదు. ప్లేయరుని టీపాయి మీద పెట్టకుండా, గోడలోకి దిగ్గొట్టిన కడప బండ మీద ఎందుకు పెట్టానని ఈ ఊళ్లో ఎవరూ అడగలేదు. అడిగిందల్లా బండ మందం ఎంతని.

చిన్న శబ్దం వినాలంటే ముందు గోల తగ్గించాలన్న సూత్రం మీద ఈ ఊళ్లో ఇంతకన్నా ఎంతో ఖరీదైన పని జరిగింది. 1965లో టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు జపాన్, ఇంగ్లండు విశ్వవిద్యాలయాల వాళ్లతో కలిసి ఛాంపియన్ రీఫ్ గనిలో 2.3 కిలోమీటర్ల లోతున పరికరాలు పెట్టి, వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడ పట్టారు. ఆకాశం నుంచి కురిసే మిగతా కణాల గోల అంత లోతుకి దాదాపు చేరదు గనకే అక్కడికి దిగారు. కింద ఏదో పెద్ద పరిశోధన జరిగిందని ఇక్కడి పాత కార్మికులు ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు.

ఇక స్పీకరు సంగతి. దాన్ని నాకన్నా బాగా తేల్చినవాడు మా మేనమామ.

ఆయన భూగర్భంలో మిషన్ కొట్టిన మనిషి. మిషనంటే గాలి ఒత్తిడితో నడిచే డ్రిల్లు, మందు కూరడానికి రాతిలో బెజ్జాలు వేసేది. ఏ దేశపు గనిలోనైనా ఆ రకం డ్రిల్లు మోత 115 డెసిబెల్స్ దాకా పోతుంది. 85 డెసిబెల్స్ మోతలో రోజుకి 8 గంటలకి మించి ఉండకూడదని, మోత 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ సమయం సగానికి పడిపోతుందని నిపుణులు కట్టిన లెక్క ఒకటుంది. ఆ ప్రకారం 115 దగ్గర చెవికి క్షేమమైన సమయం అరనిమిషం. మామ తరంవాళ్లు ఏళ్ల తరబడి షిఫ్టులు షిఫ్టులు కొట్టారు.

అలా వచ్చే చెవుడు అన్ని శబ్దాలనీ సమంగా తినదు. 4,000 హెర్ట్‌జ్ చుట్టుపక్కల మొదలై అటూ ఇటూ పాకుతుంది. స, శ, ష లాంటి అక్షరాలు ముందు పోతాయి. సన్న గొంతులు పోతాయి. కింది స్వరాలు చాలాకాలం నిలుస్తాయి. పక్కింటి పెద్దమనిషి మాటలు వినబడి, మనవరాలి మాటలు వినబడకపోవడానికి కారణం ఇదే. ఇంట్లోవాళ్లేమో "మామకి కావాల్సినవే వినబడతాయి" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కష్టమనిపిస్తుంది.

మనవరాలు ప్రేమగా ఫోన్లో పాత పాటలు పెట్టిస్తే ఆయన పక్కన పెట్టేశాడు. "గీ గీ అంటా ఉంది, పాటేదీ?" అన్నాడు. నిజం చెప్పాడు. గోరంత స్పీకరు మంద్రస్వరాలు పలికేంత గాలిని కదపలేదు. అది గట్టిగా పలికేవన్నీ ఆయన చెవులు పోగొట్టుకున్నవే.

ఒక ఆదివారం పెళ్లిపత్రిక ఇవ్వడానికి వచ్చినప్పుడు కూర్చోబెట్టాను. చేతికి ఘంటసాల భగవద్గీత అందింది. "అది వద్దల్లుడా, ఎవురో పోయినారనుకోని పక్కింటోళ్లు పరిగెత్తుకోనొస్తారు," అన్నాడు. అదీ నిజమే. "నమో వెంకటేశా" ఉన్న రికార్డు తీశాను. టూరింగు టాకీసులో సినిమాకి ముందు ఆ పాట వినబడితే టికెట్టు కోసం పరిగెత్తిన తరం ఆయనది. సూది దించాను. కాసేపు విని కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. మళ్లీ జరుపుకున్నాడు. కుర్చీ వీపు గోడకి ఆనాక "ఈడ బాగుంది" అని కుదురుకున్నాడు.

గోడ దగ్గర కూర్చోవద్దని మా అభిరుచి పుస్తకాలు చెబుతాయి. మంద్రస్వరాలు గోడ వారన పోగుపడి మిగతావాటిని మింగేస్తాయని. ఆయన చెవులకి కావలసింది సరిగ్గా ఆ చోటే. ఎవరూ చెప్పకుండా వెతికి పట్టుకున్నాడు.

తర్వాత బాలమురళీకృష్ణ కచేరీ ఎల్‌పీ వేశాను. మామకి కర్ణాటక సంగీతం అలవాటు లేదు. మృదంగం తని ఆవర్తనం మొదలయ్యేసరికి ముందుకి వంగాడు. "ఎడంచెయ్యి దెబ్బ ఇంత లోతుగా ఉంటాదా," అన్నాడు. కాసేపాగి తనే చెప్పాడు. "లోపలికి పోతానే పైరాతిని కడ్డీతో తట్టి చూస్తా ఉంటిమి. గట్టిరాయి గంట మాదిరి పలుకుతాది. ఊడేరాయి డొల్లగా మోగుతాది. ఆ మోత కనుక్కున్నోడే సాయంత్రం ఇంటికొస్తా ఉండె."

ఆ పూట నేను హెర్ట్‌జ్ అనలేదు, వాట్లనలేదు. ఆయన కూడా ధర అడగలేదు. కచేరీలో ఇంకో వాద్యం కూడా ఉంది, వయొలిన్. పైస్థాయిలో అది పలికిన మెరుపులు ఆయన దాకా రాలేదని ముఖం చూస్తే తెలిసింది. ట్రెబుల్ మీట పూర్తిగా తిప్పినా రావు. దానికి వినికిడి యంత్రమే దారి, అదీ కొంతవరకే. పరీక్ష చేయించుకోమని ఆ రోజే చెప్పాను. పెళ్లయినాక చూద్దామన్నాడు. నేను వదలను.

పోయిన ఆదివారం తన షిఫ్టు స్నేహితులు ఇద్దర్ని వెంటబెట్టుకుని వచ్చాడు, ఇద్దరూ తమిళులు. గోడ వారన కుర్చీలు మామే వేశాడు, ఎక్కడ కూర్చోవాలో తనే చూపించాడు. ఘంటసాలని మర్యాదగా విన్నారు. తర్వాత ఒకాయన సౌందరరాజన్ పాటల రికార్డు ఉందా అని అడిగాడు. నా దగ్గర లేదు. రేపు పొద్దున రైలుకి బెంగళూరు వెళ్తున్నాను. అవెన్యూ రోడ్డులో వెతకాలి.