వంకర కోతకు ఆకురాయే మందు

దివిసీమలో గాలివాన వెలిసిన మర్నాడు తెల్లవారకుండానే చెట్లు కోసే మిషను మోత వినిపిస్తుంది. రోడ్డుకి అడ్డంగా పడ్డ చింతమాను, చూరు మీద ఒరిగిన కొబ్బరిచెట్టు, కాలవలో కూలిన నిద్రగన్నేరు తీస్తేగాని బస్సు రాదు, కరెంటు రాదు. సరిగ్గా ఆ రోజునే మిషను తిన్నగా దిగకుండా పక్కకి లాగుతుంది. దుంగలో సగం దిగేసరికి కోత వంపు తిరిగి, గొలుసు తిరిగే బార్ కాస్తా బిగుసుకుపోతుంది. కోసేవాడు ఇంజన్ని తిడతాడు, అమ్మినవాణ్ణి తిడతాడు, ఆఖరికి చెట్టునీ తిడతాడు. పాపం, వాటికేం తెలుసు? దోషం చాలాసార్లు గొలుసు పళ్ళది, ఆ పళ్ళకి పదును పెట్టిన చేతిది.

మన ఊళ్ళలో ఎక్కువగా కనిపించే 22 అంగుళాల మిషను గొలుసుకి పళ్ళు ఒకటి ఎడమకి, ఒకటి కుడికి తిరిగి ఉంటాయి. రెండు పక్కలా పొడవూ పదునూ సమానంగా ఉంటేనే కోత తిన్నగా దిగుతుంది. ఒక పక్క పళ్ళు అరిగి, రెండో పక్కవి పదునుగా ఉంటే మిషను పదునున్న వైపుకే పోతుంది. నల్లతుమ్మలో మేకు తగిలినా, నేల మీది దుంగ కోస్తూ ఇసుకలో గుచ్చినా ఒక పక్క పళ్ళే మొద్దుబారొచ్చు. అంతకన్నా ఎక్కువగా జరిగేది ఇంకొకటుంది. కుడిచేతివాటం మనిషికి ఒక పక్క పళ్ళు రాయడం హాయిగా ఉంటుంది, రెండో పక్కకి వచ్చేసరికి మణికట్టు తిరగదు. అక్కడే కోణం పోతుంది.

పాత వడ్రంగులకి ఈ సంగతి కొత్త కాదు. చేతిరంపం పళ్ళని ఒకటి ఎడమకి, ఒకటి కుడికి వంచి మూడు పలకల ఆకురాయితో రాసేటప్పుడు వాళ్ళు చూసుకున్నదీ ఈ సమానమే. దుంగని ఎత్తున కట్టి, పైనొకడూ కిందొకడూ నిలబడి రంపం లాగిన రోజుల్లో పళ్ళు తేడా వస్తే ఇద్దరి ఒళ్ళూ హూనమయ్యేది. మిషను చరిత్ర నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. జర్మనీలో స్టిల్ అనే ఇంజనీరు 1926లో కరెంటు రంపం చేశాడు. 1940ల్లో అమెరికాలో కాక్స్ అనే ఆయన కట్టెను తొలిచే పురుగు దవడలు చూసి ఇప్పటి పంటి ఆకారం పట్టాడంటారు. 1977 నవంబరు 19 ఉప్పెనలో కూలిన చెట్లని మన సీమలో ఎక్కువగా గొడ్డళ్ళతో, చేతిరంపాలతోనే తీశారని పెద్దలు చెబుతారు. తీరం వెంబడి సరుగుడు తోపులు పెరగడం, మిషన్లు రావడం తర్వాతి కథ.

మంచి మేస్త్రీ పదును పెడుతుంటే పక్కన కూర్చుని చూడాలి. ముందు పెట్రోలు గుడ్డతో గొలుసు జిడ్డు తుడుస్తాడు. బార్‌ని వైసులో బిగిస్తాడు. గొలుసు చుట్టూ తిప్పుతూ అన్నిటికన్నా పొట్టి పన్ను ఏదో వెతికి, దాని మీద సుద్దతో గీత పెడతాడు. మిగతా పళ్ళన్నీ దాని పొడవుకి దిగాల్సిందే. మనకి ప్రాణం ఉసూరుమంటుంది, ఇంత మంచి పళ్ళని అరగదీస్తాడేమిటని. ఆయన మాత్రం తల ఎత్తడు.

ఆ 22 అంగుళాల మిషను గొలుసుకి మామూలుగా 4.8 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి కావాలి. సైజు తప్పితే పంటి రూపమే మారిపోతుంది. ముప్ఫై డిగ్రీల వాలు పట్టి, ఆకురాయిలో అయిదో వంతు పంటి పైపలక కన్నా పైకి ఉండేలా ఆనించి, లోపలి నుంచి బయటికి తోస్తాడు. తోసేటప్పుడే రాపిడి, వెనక్కి తెచ్చేటప్పుడు ఎత్తేస్తాడు. పొడవు సమమయ్యాక పంటికి మూడంటే మూడే తోపులు. ఒక పక్కవి అయ్యాక చెయ్యి మెలిపెట్టడు, తానే లేచి అటు పక్కకి వెళ్ళి కూర్చుంటాడు. వంకర కోతకి సగం వైద్యం అక్కడే అయిపోయింది! తర్వాత ప్రతి పంటి ముందూ ఉండే చిన్న బొడిపె చూస్తాడు. అది పంటి మొన కన్నా 0.65 మిల్లీమీటర్లు దిగువన ఉండాలి. ఎత్తుగా ఉంటే పన్ను కట్టెలో దిగదు, మరీ దించేస్తే గొలుసు కట్టెను కరుచుకుని మిషను ఎగిరిపడుతుంది.

అంతా అయ్యాక కూడా వంకర పోతోందా? బార్ చూడాలి. బార్ అంచుని సమతలం మీద ఆనించి నిలబెడితే నిటారుగా ఉండాలి. ఒరిగిందంటే గాడికి అటూ ఇటూ ఉన్న అంచుల్లో ఒకటి అరిగినట్టే. చదును ఆకురాయితో రెండూ సమం చెయ్యాలి. గాడి వెడల్పై గొలుసు అటూ ఇటూ ఊగుతుంటే బార్ మార్చాల్సిందే, కొత్త గొలుసు వేసినా వంకర పోదు. గొలుసు విప్పినప్పుడల్లా బార్‌ని తిరగేసి బిగిస్తే పై అంచూ కింది అంచూ సమానంగా అరుగుతాయి. ఇంత చిన్న పని కూడా చెయ్యనివాళ్ళు మిషను ఎందుకు కొంటారో!

చల్లపల్లి వైపు వడ్రంగి ఇంట పుట్టిన ఒక మేస్త్రీ తాటిమానుని నిలువునా చీల్చి దూలాలు తీస్తాడు. దారానికి బొగ్గు పూసి గీత కొట్టుకుని, ఆ గీత మీదే మిషను నడుపుతాడు. తాటి నల్లచేవ ఎలాంటి పదునునైనా తినేస్తుందని కోసినవాళ్ళందరికీ తెలుసు. ఆయన మధ్యలో ఆగి పళ్ళకి రెండేసి తోపులు ఇచ్చుకుని మళ్ళీ మొదలెడతాడు. మిషను నుంచి రాలేది పిండి కాదు, కందిబద్దలంత రేకులు. చీల్చిన ముఖం మీద చెయ్యి పెట్టి రాస్తే ఎక్కడా మెట్టు తగలదు. చిత్రికతో పనేముంది దానికి?

ఇలాంటి చేతులుండగా గుడివాడలోనూ బందరులోనూ మనవాళ్ళు కరెంటు సానరాయి ముందు క్యూ కడుతున్నారు. అయిదు నిమిషాల్లో అయిపోతుందట! తెలిసినవాడు నిదానంగా తిప్పితే సానరాయీ మంచిదేనని వాదించేవాళ్ళున్నారు. ఉండనీండి, నేను ఆకురాయి పక్షమే. హడావిడిలో అదిమి పట్టగానే పంటి మొన నీలంగా కాలిపోతుంది. కాలిన పన్ను గట్టిపడి ఆకురాయి కూడా జారిపోతుంది, లేదా మెత్తబడి రెండు దుంగలకే మొద్దుబారుతుంది. పైగా పేరున్న కంపెనీ ముద్ర కొట్టిన నకిలీ గొలుసులు. చిలకలపూడి నగ తాను రోల్డుగోల్డునని చెప్పుకునే అమ్ముడవుతుంది, అది నిజాయితీ. ఈ గొలుసు ఆ మాట చెప్పదు. దానికి తోడు మోటారుసైకిల్లోంచి తీసేసిన నల్ల ఆయిలే బార్ ఆయిలు! దాన్లోని రజను గాడిని, గొలుసుని కలిపి తినేస్తుంది.

మేస్త్రీల పిల్లలు ఈ పనికి రావడం లేదు. ఎందుకొస్తారు? గొలుసంతా రాసి, బార్ సరిచేసి ఇస్తే చేతిలో టీ డబ్బులు పెట్టి పోతాం. తుపాను హెచ్చరిక రాగానే మిషన్లు సిద్ధం చేశామని అధికారులు పేపర్లో చెబుతారు. ఆ మిషన్లకి పదును ఎవరు పెట్టారో, గొలుసుతో పాటు ఆకురాయి ఇచ్చారో లేదో ఎవరూ అడగరు. అక్టోబరు రాకముందే ప్రతి మండలంలో ఇద్దరు మేస్త్రీలని పిలిచి, రోజు కూలి సరిగ్గా కట్టి, ఆ మిషన్లన్నిటికీ పదును పెట్టించండి. పక్కన ఐటీఐ కుర్రాళ్ళని కూర్చోబెట్టండి. మొదట పట్టుకోవాల్సింది పొట్టి పన్నునని వాళ్ళకి ఆ మేస్త్రీలే చూపిస్తారు.