కిన్నెర తొలి పాటలు ఒక్కచోట చేరాలి

పన్నెండు మెట్ల కిన్నెర వాద్యం అనగానే ఇప్పుడు చాలామందికి ‘భీమ్లా నాయక్’ సినిమా పాట ఎత్తుగడ గుర్తొస్తుంది. 2021 సెప్టెంబరులో వచ్చిన ఆ పాటను తమన్ సంగీతంలో కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్య గొంతు మొదలుపెడుతుంది. 2022లో ఆయనకు పద్మశ్రీ ప్రకటించారు. పాలమూరు, నల్లగొండ మట్టిలో పుట్టినవాళ్లందరికీ అది గర్వపడాల్సిన సంగతి. కానీ ఆ సినిమా పాటలో ఆయన పాడింది కాసేపే. గంటలకొద్దీ సాగే కిన్నెర కథను అంతవరకే విని ఊరుకుంటే మనకు దక్కేది చాలా తక్కువ.

దేవరకొండ నుంచి డిండి దాటి అచ్చంపేట, లింగాల దిక్కు పోతే నల్లమల అంచు వస్తుంది. మొగులయ్య ఊరు అవుసలికుంట అక్కడిదే. ఈ నేలకూ కిన్నెరకూ ఉన్న బంధం నిన్నమొన్నటిది కాదు. రేచర్ల పద్మనాయకులు ఒక శాఖగా రాచకొండను, ఇంకో శాఖగా దేవరకొండను ఏలారు. రాచకొండ ప్రభువు సింగభూపాలుడు శార్ఙ్గదేవుడి ‘సంగీతరత్నాకరా’నికి ‘సంగీతసుధాకరం’ అనే వ్యాఖ్య రాశాడని ప్రసిద్ధి. 13వ శతాబ్దపు ఆ రత్నాకరంలోనే కిన్నరీవీణ ఉంది. అందులో చిన్నదీ పెద్దదీ అన్న తేడాలు, కింద కట్టే బుర్రలు, మైనంతో నిలిపే మెట్లు, అన్నీ చెప్పారు. పాల్కురికి సోమనాథుడి బసవపురాణంలో కిన్నెర బ్రహ్మయ్య అనే భక్తుడే ఉన్నాడు. రాజులు వ్యాఖ్యలు రాసుకున్న ఆ వాద్యాన్ని ఇవాళ్టిదాకా భుజాన మోసుకొచ్చింది మాత్రం అడుక్కుని బతకమని లోకం తోసేసిన డక్కలి కులంవాళ్లు.

కిన్నెరను దగ్గరగా చూస్తే అందులో అడవీ చెలకా రెండూ కనిపిస్తాయి. దండి వెదురుది. దాని కింద ఎండబెట్టి లోపలి గుజ్జు తీసేసిన ఆనపకాయ బుర్రలు. పూర్వం తీగలుగా జంతువుల నరాలో వెంట్రుకలో వాడేవారు, ఇప్పుడు లోహపు తీగలు వచ్చాయి. మెట్లకు అలుగు పొలుసులు పెట్టేవారు. అలుగును వేటాడటం ఇప్పుడు నేరం కాబట్టి ఆ పద్ధతి ఆగాల్సిందే. మెట్లను దండికి పట్టి ఉంచేది తేనెమైనం. నాకు ఈ వాద్యంలో అన్నిటికన్నా గొప్పగా తోచేది ఈ మైనమే. మేకు కొట్టిన మెట్టు ఇక కదలదు. మైనం మీది మెట్టును కాస్త వెచ్చచేసి, చెవికి సరిపడే చోటికి జరిపి మళ్లీ నిలపొచ్చు. అంటే శ్రుతి కొలబద్ద చేతుల్లో లేదు, వాయించేవాడి చెవిలో ఉంది. మెట్లు తక్కువున్న కిన్నెరలూ ఉన్నాయి. మొగులయ్యది పన్నెండు మెట్లది కనుక వరుస తిప్పుకోవడానికి ఎక్కువ చోటు దొరుకుతుంది.

మీటిన తీగ నాదం బుర్రలో గుండ్రంగా మోగి త్వరగా అణిగిపోతుంది. అందుకే వాయించేవాడు ఒక్క స్వరం మీద నిలబడిపోడు, మీటు మీద మీటు వేస్తూ పోతాడు. గొంతు సాగదీసిన చోట తీగ దరువు పడుతుంది, గొంతు ఆగిన చోట తీగే ఆ వరుసను అందుకుంటుంది. పాట నడుమ మాట వస్తుంది, మాట నడుమ పాట. పండుగ సాయన్న కథ ఇలాగే నడుస్తుంది. నిజాం కాలంలో ఉన్నవాళ్లను కొట్టి లేనివాళ్లకు పెట్టినవాడని పాలమూరు సాయన్నను తలుచుకుంటుంది. మియాసాబ్ కథా అలాంటిదే. చరిత్ర పుస్తకాలు పెద్దగా పట్టించుకోని ఈ మనుషుల్ని జనం నోట నిలిపింది కిన్నెరే. డక్కలివాళ్లు మాదిగలకు ఆశ్రిత కులం. మాదిగల ఇళ్ల ముందు కులపురాణం చెప్పి హక్కుగా రావాల్సింది అడిగి తీసుకునేవారు. ఆ ఆనవాయితీ సడలాక రాత్రంతా కూర్చుని వినే జనం తగ్గారు, కథలూ కురచబడ్డాయి.

తొలి పాటల్ని దాచుకుంటే ఏం దక్కుతుందో చెప్పడానికి దూరపు ఉదాహరణ ఒకటి. లండన్‌లో పింక్ ఫ్లాయిడ్ అని ఒక బృందం ఉండేది. సైకెడెలిక్ రాక్‌కు పెద్దపేరు వాళ్లదే. వాళ్ల మొదటి ఆల్బమ్ 1967లో వచ్చింది. అంతకుముందు పేరూ ఊరూ లేని రోజుల్లో పాడుకున్న ఆరు పాటల్ని వెతికిపట్టి 2015లో ‘1965: దేర్ ఫస్ట్ రికార్డింగ్స్’ పేరుతో బయటికి తెచ్చారు. అందులో ఒకటి అమెరికా బ్లూస్ పాట. ఆ బృందం పేరు కూడా ఇద్దరు బ్లూస్ గాయకుల పేర్ల నుంచి వచ్చిందే. ఆ పాటలు వింటే వాళ్లు ఎవరి దారిలో నడిచి తమ దారి పట్టారో చెవికి తెలుస్తుంది. తప్పటడుగులతో సహా దాచుకోవడం వల్లే అది సాధ్యమైంది.

మన కిన్నెరకు ఆ భాగ్యం లేదు. లోకం చెవి పెట్టేసరికి మొగులయ్య వయసు మళ్లింది. ఆయన పడుచు గొంతు ఎలా ఉండేదో, ఆయన తండ్రి తరం సాయన్న కథను ఏ వరుసలో ఎత్తుకునేదో ఇప్పటికైతే మనం ఊహించుకోవాల్సిందే. నారాయణపేట జిల్లా దామరగిద్దలో బుర్రవీణ వాయించే దాసరి కొండప్పకూ 2024లో పద్మశ్రీ వచ్చింది, అదీ ముదిమిలోనే. పరిశోధకులు జయధీర్ తిరుమలరావు, గూడూరు మనోజ ఏళ్లుగా ఊరూరా తిరిగి జానపద, ఆదివాసీ వాద్యాలను సేకరించారు. వాద్యాలను కాపాడినంత పట్టుదలగా ధ్వనినీ కాపాడాలి. ఆకాశవాణి టేపులు, వరంగల్ జానపద గిరిజన విజ్ఞాన పీఠం భాండాగారం, పరిశోధకుల ఇళ్లలోని కేసెట్లు, పెళ్లిళ్లలో జాతరల్లో తీసిన వీడియోలు, అన్నీ వెతికి వరుసగా పేర్చి ఒక ఆల్బమ్‌గా తేవాలి.

తెచ్చేటప్పుడు పాటను మూడు నిమిషాలకు కత్తిరించొద్దు. పాత 78 ఆర్‌పీఎం గ్రామఫోన్ పళ్లెం ఒక్కో వైపు ఇంచుమించు అంతే పట్టేది కనుక ఆనాడు తప్పలేదు, ఇవాళ ఆ ఇరుకు లేదు. సాయన్న కథను ఒకరు చెప్పింది, మరొకరు చెప్పింది పక్కపక్కనే పెట్టాలి. కథకు ముందు మెట్టు జరిపి తీగ సవరించుకునే చప్పుడును అక్కర్లేదని కోసేయొద్దు. నేర్చుకునే పిల్లలకు అన్నిటికన్నా పనికొచ్చే పాఠం అదే. వినేవాళ్ల ఊకొట్టూ ఉండనివ్వాలి, చెప్పేవాడు ఎక్కడ ఆగాలో దాన్ని బట్టే తేల్చుకుంటాడు. అట్ట మీద ‘జానపదం’ అని రాసి చేతులు దులుపుకోకుండా పాడినవాళ్ల పేరు, ఊరు, ఏ ఏడు పాడారో వేయాలి. అమ్మకం మీద వచ్చే ప్రతి రూపాయిలో ఆ డక్కలి కుటుంబాల వాటా ఎంతో ఒప్పంద పత్రంలోనే రాసుకోవాలి.