భీమిలి రోడ్డు, అంతర్వేది రేవు

పిల్లాపెద్దా కలిసి రెండు రోజులు సముద్రం దగ్గర తీరిగ్గా గడపాలంటే మనవాళ్లకు ముందు తట్టేది విశాఖ–భీమిలి బీచ్ రోడ్డు. ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి, ఆపైన రుషికొండ, తొట్లకొండ బౌద్ధారామ శిథిలాలు, ఎర్రమట్టి దిబ్బలు, చివర భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు, గోస్తని సముద్రంలో కలిసేచోటు. 30 కిలోమీటర్లలోపు ఇంత అందం, ఇంత చరిత్ర పరుచుకున్న తీరం తెలుగునేల మీద ఇంకొకటి ఉందనుకోను.

ఆ సమృద్ధే ఇంటిల్లిపాదినీ పరుగులు పెట్టిస్తుంది. కారు దిగడం, ఫొటో తీసుకోవడం, మళ్లీ ఎక్కడం. తొట్లకొండ మీద అమ్మమ్మ కాస్త నీడ చూసుకుని కూర్చునేలోపే ‘పదండి, ఇంకా భీమిలి ఉంది’ అని ఎవరో తొందరపెడతారు. రెండు వేల ఏళ్ల కిందట భిక్షువులు ధ్యానానికి ఎంచుకున్న కొండ అది. అక్కడ కూడా మనకు కుదురు లేకపోవడం నాకు బాధగా ఉంటుంది.

అంతర్వేది దారి వేరు. నరసాపురం వైపు నుంచి వస్తే వశిష్ఠ గోదావరి అడ్డంగా ఉంటుంది. పంటు ఎక్కి సఖినేటిపల్లి రేవులో దిగాలి. పంటు వచ్చేదాకా గట్టున నిలబడాల్సిందే. ఆ కాసేపట్లోనే పిల్లలు నీళ్లకేసి చూస్తారు, తాతయ్యలు కబుర్లలో పడతారు. సెలవు అక్కడే మొదలవుతుంది. చించినాడ వంతెన మీదుగా వెళ్తే ప్రయాణం సులువే గానీ ఈ భాగ్యం పోతుంది. నరసింహస్వామి దర్శనమయ్యాక చూడవలసింది పెద్దగా ఉండదు: లైట్‌హౌసు, నదీ సముద్రమూ కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు, అంతే. ఆ కొద్దిపాటిదే సాయంత్రమంతా సరిపోతుంది.

లోపాలూ ఉన్నాయి. గోదావరి మట్టి కలిసిన నీటికి విశాఖ నీలం రాదు. బస, భోజనాల్లో నగరంతో పోలికే లేదు. దిండి అనే ఊళ్లో బస చేసి అంతర్వేది వెళ్లిరావడం మేలు. భీష్మ ఏకాదశి రథోత్సవానికి జనం పోటెత్తుతారు. ప్రశాంతత కోరేవాళ్లు ఆ రోజులు తప్పించుకోవాలి. స్నానాల విషయంలో మాత్రం రెండు తీరాలనూ నమ్మకూడదు.

విశ్రాంతే ముఖ్యమైతే నా ఓటు అంతర్వేదికి. భీమిలి రోడ్డే కావాలంటే రోజుకు రెండు చోట్లు చాలు: పొద్దున ఎర్రమట్టి దిబ్బలు, సాయంత్రం భీమిలి. ఒక్క విన్నపం. ఆ దిబ్బలు వేల ఏళ్లలో ఏర్పడినవి. 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తింపు పొందినవి. పిల్లలను వాటి మీద జారనివ్వకండి, అంచున నిలబెట్టి చూపించండి.