ఒకే పిల్లి, రెండు పక్కలు

కోపమొచ్చినా భయమేసినా బీపీ పెరుగుతుంది. ఇందులో పెద్ద పాత్ర సింపథెటిక్ నరాల కొసల్లోంచి వచ్చే నోర్‌అడ్రినలిన్‌ది. సన్నని ధమనుల గోడల్లోని కండరాన్ని అది బిగించేస్తుంది. దారి ఇరుకవుతుంది, ఒత్తిడి పెరుగుతుంది. ఈ నరాలు వాడే రసాయనం ఇదేనని స్వీడన్ శాస్త్రవేత్త ఉల్ఫ్ వాన్ ఆయిలర్ 1946లో తేల్చారు. సరే, పని అయ్యాక అది ఎటు పోతోంది? పోకపోతే బిగుసుకున్న నాళం వదులు కాదు కదా!

అమెరికాలోని బెథెస్డాలో జూలియస్ ఆక్సెల్‌రాడ్ బృందం 1961లో దీనికి జవాబు రాబట్టిన తీరు ఎన్నిసార్లు చదివినా ముచ్చటేస్తుంది. నోర్‌అడ్రినలిన్ ఎంజైమ్‌ల వల్ల నశిస్తుందని అప్పట్లో అనుకునేవారు. అలాంటి ఎంజైమ్ ఒకదాన్ని కనిపెట్టింది స్వయానా ఆక్సెల్‌రాడే. కానీ ఎంజైమ్‌లను అడ్డుకున్నా నోర్‌అడ్రినలిన్ ప్రభావం తగ్గిపోతూనే ఉంది. ఆయన తన ఎంజైమ్‌నే పట్టుకుని వేలాడలేదు.

పిల్లుల మెడలో ఒక పక్కనున్న నరాల ముడిని తీసేశారు. ఆ పక్క లాలాజల గ్రంథికి, కంటి కండరాలకు వెళ్లే నరాలు క్షీణించేదాకా ఆగారు. రెండో పక్క జోలికి పోలేదు. ఆపైన రేడియోధార్మిక ట్రిషియంతో గుర్తు పెట్టిన నోర్‌అడ్రినలిన్‌ను ఎక్కించారు. వేరే పిల్లితో పోల్చితే వయసు, బరువు, ఆరోగ్యం అంటూ సవాలక్ష సందేహాలొస్తాయి. ఇక్కడ పిల్లి ఒకటే, రక్తం ఒకటే, మోతాదూ ఒకటే. తేడా అల్లా నరం ఉందా లేదా అన్నదే. నరాలున్న పక్క ఆ రసాయనం బాగా చేరింది, లేని పక్క చాలా కొద్దిగా కనబడింది. అంటే దాన్ని లోపలికి తీసుకుంటున్నది నరమే!

అక్కడితో ఆగలేదు. నరాన్ని ప్రేరేపించి చూస్తే, గుర్తు పెట్టిన ఆ రసాయనమే తిరిగి బయటికొచ్చింది. తీసుకున్నది పారేయడానికి కాదు, మళ్లీ వాడుకోవడానికే.

కొకైన్ బీపీని ఎందుకు పెంచుతుందో దీంతో అర్థమవుతుంది: నరం వెనక్కి తీసుకోకుండా అది అడ్డుపడుతుంది. సర్పగంధ వేరులోని రెసెర్పిన్ నరంలోని నిల్వనే ఖాళీ చేసి బీపీ దించుతుంది. 1970 వైద్య నోబెల్‌ను ఆక్సెల్‌రాడ్, ఆయిలర్, మరో శాస్త్రవేత్త బెర్నార్డ్ కాట్జ్ పంచుకున్నారు.

చాలా జలుబు మాత్రల్లో ఉండే ఫినైలెఫ్రిన్ కూడా నోర్‌అడ్రినలిన్ లాగే రక్తనాళాలను బిగిస్తుంది. బీపీ ఉన్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా వాటిని కొని వేసుకోకండి.