కంటి అంచున వెదకుట

“కంటి ముందు దోమలు తిరుగుతున్నాయి బాబూ, చేత్తో తోలినా పోవడం లేదు” అని అరువది దాటినవారు చెప్పినప్పుడు నేను ముందుగా అడుగునది, చీకటిలో కంటి ప్రక్కన మెరుపులేమైన కనబడినవా యని.

కనుగ్రుడ్డులో అయిదింట నాలుగు వంతులు నిండియుండి, యౌవనమున కోడిగ్రుడ్డు తెల్లసొనవలె చిక్కనై రెటీనాను అంటుకొని యుండు కాచాభ ద్రవ్యము నూటికి 98 పాళ్లు నీరే. ఆ నీటిని పట్టి నిలుపునవి సన్నని కొల్లాజెన్ పోగులును హయలురోనిక్ ఆమ్లమును. వయసు మీరినకొలది ఆ పొందిక సడలి, నడుమ నడుమ నీరు చేరి, పోగులు ముద్దగట్టి, వాని నీడలు రెటీనాపై బడుటచేతనే ఆ దోమలు. తుదకు ఆ ద్రవ్యము ముడుచుకొని, వెనుకనున్న రెటీనాను విడిచి ముందునకు జరుగును. హ్రస్వదృష్టి కలవారికిని, శుక్లముల ఆపరేషన్ అయినవారికిని ఇది మరికొంత ముందుగనే సంభవించును. పెక్కుమందికి దీనివలన అపాయము లేదు. కాని ఎక్కడనైన గట్టిగా అంటుకొని యున్నచో, విడివడుచు రెటీనాను లాగును. రెటీనాకు నొప్పి తెలియదు, లాగుడును సైతము అది వెలుగుగానే యెరుగును గనుక ఆ మెరుపులు. అట్టి మెరుపులతో, దోమలతో కొత్తగా వచ్చినవారిలో సుమారు పదింట ఒకరికి రెటీనా చిరిగియుండును. ఆ చిరుగుగుండ నీరు జొరబడి దానిని ఊడదీయును. 1920ల నాట స్విట్జర్లాండులోని లోజాన్ నగరమున జూల్ గోనిన్ ఈ చిరుగును మూయుటయే చికిత్స యని చాటువరకు, రెటీనా ఊడినవారికి చూపుపై ఆశ దాదాపు లేకుండెను.

చిరుగు తరచుగా అంచుననే యుండును. అందుచేత చుక్కల మందు వేసి పాప విప్పారువరకు కూర్చుండబెట్టి, పిమ్మట వెల్లకిల పరుండబెట్టి, తలకు దీపము కట్టుకొని, ఒకచేత కటకమును పట్టి, రెండవచేత రెప్పమీదుగా చిన్న లోహపు కడ్డీతో మెల్లగా నొక్కుచు, పైకి, క్రిందికి, ముక్కువైపునకు, చెవివైపునకు చూడుమని చెప్పుచు చుట్టంతయు వెదకవలెను. నొక్కినచోట రెటీనా లోనికుబికి, అంతవరకు దాగిన గుర్రపునాడా ఆకారపు చిరుగు, దాని కొనను ఇంకను లాగుచున్న తెల్లని పోగుతో సహా బయటపడును. అప్పుడు లేజరుతో చుట్టును చుక్కలు వేసి అంటించుట కొద్ది నిమిషముల పని. రెటీనా ఊడిన పిమ్మట ఆపరేషన్ థియేటరే గతి. వయసు గదా యని పాపనైన విప్పార్చక కండ్లద్దాలు మార్చి పంపుట నా మనసొప్పని పని.

చిరుగు లేదని తేలినవారిని సైతము నెల, నెలన్నరకు మరల రమ్మందును, ఏలయన లాగుడు ముగియుటకు వారములు పట్టవచ్చును. “ఈలోగా ఓ పక్కనుంచి తెర దిగినట్టుంటే ఆదివారమైనా ఆగకండి పెద్దమ్మా” అని, వెంట వచ్చిన కొడుకు వినునట్లుగా చెప్పుదును.