పదును నాలుగు రోజులు, తారురోడ్డు ఏడాదంతా

మృగశిర కార్తె దగ్గర పడుతోందంటే అనంతపురం జిల్లాలో టైర్ల కొట్లకు చేతినిండా పని. బోడిగా అరిగిన వెనక టైర్లతో ట్రాక్టర్లు వచ్చి వరసగా నిలబడతాయి. "అన్నా, బటన్ పెద్దదైతే దిగబడదంట గదా?" అని వచ్చినాయన అడుగుతాడు. "ఏసుకో అప్పా, ఇంక ఎనక్కి చూసుకునే పనే లేదు" అని కొట్టాయన అంటాడు. పదుల వేల బేరం ఆ రెండు మాటల్లో తెగిపోతుంది. పెద్ద బటన్, అంటే టైరు మీది ఎత్తు గుబ్బ, చెడ్డదని నేననను. అది ఏ నేలకు పనికొస్తుంది, ఏడాదిలో ఎన్ని రోజులు పనికొస్తుంది అనే లెక్క ఎవరూ వేయడం లేదన్నదే నా గొడవ.

ఆ లెక్క మన జిల్లాలో వేరేగా ఉంటుంది. ఏడాది మొత్తానికి సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ తిరిగే చోటు ఇది. ఎర్రనేలలో ఒక మంచి వాన పడితే పదును నిలిచేది మూడు నాలుగు రోజులు. ఆలోపల గుంటక తోలాలి, విత్తనం పడాలి. ఊరందరికీ ఒకేసారి ట్రాక్టరు కావాలి కాబట్టి ఆ నాలుగు రోజులూ డ్రైవరుకు కంటిమీద కునుకు ఉండదు. ఆ తర్వాత? అదే ట్రాక్టరు ట్రాలీ తగిలించుకుని ఇటుకలు, కంకర, చీనీకాయలు, పశుగ్రాసం, ఎండాకాలమైతే నీళ్ల ట్యాంకరు లాగుతూ ఏడాదంతా తారురోడ్డు మీదే ఉంటుంది. టైరు కొనేది చేను కోసం, అరిగేది రోడ్డు మీద.

ట్రాక్టరు వెనక టైర్లలో మామూలుగా దొరికేది ఆర్-1 రకం, మెట్ట పొలానికి చేసింది. వరి మడిలో బురద తొక్కడానికి ఆర్-2 అని ఇంకో రకం ఉంది, దాని బటన్ దాదాపు రెండింతల ఎత్తు. బురదలో ఆ ఎత్తుకు తిరుగులేదు. అదే టైరు గట్టి రోడ్డెక్కితే నేలకు ఆనేది టైరు మొత్తం కాదు, బటన్ల కొనలు మాత్రమే. బండి బరువంతా ఆ కొనల మీద పడుతుంది. ఒక్కో బటన్ వంగుతుంది, లేస్తుంది, వేడెక్కుతుంది, అంచు నుంచి అరగడం మొదలవుతుంది. సీటు మీద కూర్చున్నాయన నడుము సంగతి సరేసరి. డెల్టాలో వరికి చేసిన సరుకు తెచ్చి ధర్మవరం రోడ్డు మీద అరగదీస్తే తప్పు టైరుది కాదు.

ఈ చిక్కు మన ఒక్కరిదే అనుకోనక్కర్లేదు. కెనడాలో, అమెరికా పశ్చిమ కొండల్లో మంచు మీద నడిచే స్నోమొబైల్ అనే బండి ఉంటుంది. ముందు రెండు స్కీలు, వెనక చక్రాలకు బదులు తిరిగే రబ్బరు పట్టా. క్యుబెక్‌లోని వాల్కూర్ ఊరి మెకానిక్ జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియే ఈ పట్టా వ్యవహారాన్ని ఒక దారికి తెచ్చినవాడు. 1934 చలికాలంలో మంచు దారులన్నీ మూసేయడంతో ఆసుపత్రికి తీసుకెళ్లలేక రెండేళ్ల కొడుకును పోగొట్టుకున్నాడు. 1937లో పళ్ల చక్రం, పట్టా కలిసిన తన ఏర్పాటుకు పేటెంటు తెచ్చుకున్నాడు. ఒకరిద్దరు ఎక్కే చిన్న బండి స్కీ-డూ 1959లో బజారుకొచ్చింది. మన డెల్టాల్లో తడి మడిలో వరి కోసే చైన్ మిషన్‌కు కూడా అలాంటి రబ్బరు పట్టాయే.

ఆ కొండల్లో బండి ఉన్నవాళ్లు పట్టా మార్చాలనుకున్నప్పుడు చేసే తర్జనభర్జన వింటే మన టైర్ల కొట్టు గుర్తుకు రాకమానదు. తొక్కి గట్టిపడిన దారిలో తిరిగే బండి పట్టాకు గుబ్బ ఎత్తు అంగుళం, ఒకటింబావు. నడుముల్లోతు మెత్తటి మంచులో కొండెక్కే బండికి రెండున్నర నుంచి మూడు అంగుళాలు. కొత్తగా దిగినవాడు ఆ మూడు అంగుళాలనే చూస్తాడు. తల పండినవాడు ముందు పొడవు అడుగుతాడు. కొండ పట్టాలు 155, 165 అంగుళాల పొడవుంటాయి. ఎందుకంటే మెత్తటి మంచులో ముందు మునగకుండా తేలాలి, తర్వాతే తోయాలి. పొడుగు పట్టా బరువును పరిచి తేలుస్తుంది. పొట్టి పట్టాకు ఎత్తు గుబ్బలు వేసి ఇంజన్ రేజ్ చేస్తే తన గొయ్యి తనే తవ్వుకుంటుంది. పైగా ఆ పట్టా లోపల ప్లాస్టిక్ జారుడు పట్టీలుంటాయి. వాటికి నూనె, చల్లదనం రెండూ లేచిపడే మంచే. గట్టి దారిలో మంచు లేవదు కాబట్టి పట్టీలు కాలిపోతాయి, ఇంజన్ వేడెక్కుతుంది. లోతుకు చేసింది గట్టినేలకు పనికిరాదన్న సంగతి వాళ్లూ డబ్బు పోసే నేర్చుకున్నారు.

మన జిల్లాలో మంచుకు దగ్గర చుట్టం ఎవరంటే బొమ్మనహాళ్, కణేకల్ మండలాల్లోని ఇసుక. వేదవతి, అక్కడి జనం మాటలో హగరి, ఒట్టిపోయి పరిచిన ఇసుకను గాలి ఎత్తుకొచ్చి చేలమీద పోస్తుంది. దర్గాహొన్నూరు వైపు ఇసుక దిబ్బలు చూసినవాళ్లకు రాయలసీమలో ఎడారి అన్నమాట అతిశయోక్తిగా తోచదు. అక్కడ ట్రాక్టరు దిగబడితే చూడండి. కొత్త టైరు, పదునైన బటన్, డ్రైవరు క్లచ్ వదిలి గట్టిగా తొక్కుతాడు. ఒక్కో బటన్ గరిటెడు ఇసుకను వెనక్కి చిమ్ముతుంది. నాలుగు చుట్లు తిరిగేసరికి యాక్సిల్ ఇసుక మీద ఆనుతుంది. అదే చోట, తెలిసినవాడు కిందికి దిగి వాల్వు నొక్కి కొంత గాలి తీసేస్తాడు. టైరు అడుగున పరుచుకుంటుంది, బండి మెల్లగా పైకొస్తుంది. ఇసుకలో అరిగిన టైరే మేలని అక్కడివాళ్లు అంటుంటే మొదట నేను వేళాకోళం అనుకున్నాను. అందులో నిజం ఉంది.

నేను చెప్పదలచుకున్నదంతా ఆ వాల్వు దగ్గరే ఉంది. టైరు నేలను ఎంత గట్టిగా నొక్కుతుందో ఉజ్జాయింపుగా చెప్పాలంటే లోపల ఉన్న గాలి ఒత్తిడి ఎంతో అంత. పొలంలో మామూలు వెనక టైరుకు 12 నుంచి 14 పౌండ్ల గాలి చాలు. ట్రాలీ నిండా బరువేసుకుని రోడ్డెక్కినప్పుడు 18, 20 కావాలి. మన దగ్గర జరుగుతున్నదేమిటి? ట్రాలీ కోసం కొట్టించిన 20 పౌండ్లతోనే పదునులో విత్తడానికి దిగుతున్నాం. టైరు గుండ్రంగా బిగిసి ఉంటుంది. నేలకు ఆనేది మధ్య పట్టీ మాత్రమే, పక్క బటన్లు గాల్లో ఉంటాయి. అక్కడ జారుతుంది. జారుతోంది కాబట్టి బటన్ చాలడం లేదనుకుంటాం, కొట్టుకు వెళ్తాం.

వేరుశనగ చేనుకు దీని నష్టం ఇంకో రకంగా ఉంటుంది. పూత రాలిన తర్వాత ఊడలు నేలలోకి దిగితేనే కాయ. ఊడ సన్నటిది, సూదిలాంటిది. పై రెండంగుళాల మట్టి బిగిసిపోతే దిగలేక పైనే ఎండిపోతుంది. మన ఎర్రనేల అసలే వాన వెలిసి ఎండ కాయగానే పైన పెచ్చు కడుతుంది. దానిమీద 20 పౌండ్ల టైరు పోయిన చాలు ఏదో సెప్టెంబరులో చేను గట్టున నిలబడి చూస్తే తెలిసిపోతుంది. చెట్టు పచ్చగానే ఉంటుంది, పీకితే బుడ్డలు పలచగా ఉంటాయి.

ఇక నీళ్ల ముచ్చట. జారుతోందని వెనక టైర్ల ట్యూబుల్లో నీళ్లు నింపించే అలవాటు మన దగ్గర ఉంది. వాల్వును పైకి పెట్టి, నీళ్లు వాల్వు మట్టానికి వచ్చేదాకా నింపితే టైరు ముప్పాతిక నిండినట్టు. 13.6-28 టైరు ఒక్కోటి దాదాపు 150 లీటర్లు పడుతుంది. జతకు 300 లీటర్లు. తాగడానికి ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టే ఊళ్లో టైర్లు మాత్రం కడుపునిండా తాగి తిరుగుతుంటాయి. చలి దేశాల్లో ఆ నీళ్లు గడ్డకట్టకుండా కాల్షియం క్లోరైడ్ కలుపుతారు, మనకా బాధ లేదు. మడకతో లోతు దుక్కి చేసేటప్పుడు ఈ బరువు అక్కరకొస్తుంది. విత్తే పని తేలిక పని. దానికి ఆ 300 కిలోలు చేను మీద మోయించడం దండగ, డీజిలు కూడా దండగే.

జారుతోందా లేదా అన్నది కంటిచూపుతో తేల్చకండి, సుద్దముక్కతో తేల్చండి. వెనక టైరు పక్కన సుద్దతో అడ్డంగా ఒక గీత గీయాలి. పనిముట్టు పైకెత్తి చేలో నడుపుతూ గీత పది చుట్లు తిరిగేదాకా బండి ఎంత దూరం పోయిందో రెండు చివరలా రాయి పెట్టాలి. అదే రెండు రాళ్ల మధ్య పనిముట్టు నేలలో దించి మళ్లీ నడపాలి. చుట్లు పదకొండున్నర వస్తే జారుడు నూటికి 13, అది ఆరోగ్యం. చుట్లు పదమూడు దాటితే జారుడు నూటికి 23 దాటినట్టే, డీజిలు మట్టిలో పోస్తున్నట్టు. పది మీద అసలు పెరగకపోతే బండి మీద అక్కర్లేని బరువుందని అర్థం. కాస్త జారడం తప్పు కాదు, అసలు జారకపోవడమే అనుమానించాల్సింది. ముందు గాలి సరిచేసి ఈ పరీక్ష చేయండి. అప్పటికీ పదమూడు చుట్లు దాటితే టైరు మాట ఎత్తండి.

ఎత్తినప్పుడు బటన్ ఎత్తుకు పోకుండా వెడల్పు చూడమంటాను. 13.6-28లో మొదటి అంకె టైరు వెడల్పు, రెండోది రిమ్ము, రెండూ అంగుళాల్లో. 13.6 నుంచి 14.9కి వెళ్తే అడుగు పరిచే చోటు పెరుగుతుంది, అదే బరువును తక్కువ గాలితో మోస్తుంది. కానీ రిమ్ము వెడల్పు దానికి సరిపోవాలి, మడ్‌గార్డుకు తగలకూడదు. ఫోర్ వీల్ డ్రైవ్ బండైతే ఇంకో జాగ్రత్త. ముందు చక్రాలు వెనకవాటికన్నా కొద్దిగా వేగంగా తిరిగేలా గేర్లు లెక్కకట్టి ఉంటాయి. వెనకవి మాత్రమే పెద్దవి వేస్తే ఆ లెక్క చెడి, ముందు యాక్సిల్ గేర్లకు చేటు. రీబటన్ వేయించిన టైరు ట్రాలీకి సరే, విత్తే బండికి నేను వేయించను.

నల్లరేగడి వాళ్లకు ఈ సలహాలు సగమే పనికొస్తాయి. ఉరవకొండ, విడపనకల్లు వైపు పప్పుశనగ వేసేది అక్టోబరులో. తడి రేగడి బటన్ల మధ్య బంకలా పట్టుకుని రెండు చుట్లకే టైరును బోడి చేసేస్తుంది. అక్కడ బటన్ల మధ్య ఎడం ఎక్కువుండాలి, మట్టిని పక్కకు నెట్టేయాలి. టైరు మీది బాణం గుర్తు తిరగేసి బిగిస్తే అది జరగదు. ఎంత మంచి టైరైనా మట్టి ఆరేదాకా ఆగడం తప్ప రేగడితో బేరం కుదరదు.

గాలి తగ్గించడం తేలికే, మళ్లీ కొట్టించుకోవాలంటే రోడ్డు దాకా రావాలి కదా అని డ్రైవర్లు అంటారు. న్యాయమైన మాటే. ట్రాక్టరు బ్యాటరీతో నడిచే చిన్న కంప్రెసరు, ఒక గేజి కొనుక్కుంటే ఆ బాధ తీరుతుంది. రెండూ కలిపినా కొత్త టైరు ఖరీదులో చిన్న పాలే. గార్లదిన్నె దగ్గర 1983 నుంచి కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. దాని చిరునామాలోనే ట్రాక్టర్ నగర్ అని ఉంటుంది. దక్షిణాది రాష్ట్రాలన్నింటికీ ఉద్దేశించిన సంస్థ మన జాతీయ రహదారి పక్కనే ఉంటే, మన డ్రైవర్లు దాని ముందునుంచే 20 పౌండ్ల గాలితో చేలకు పోతున్నారు.

గంటల లెక్కన బాడుగ ఇచ్చి విత్తించుకునే రైతులకు ఒక మాట. చేను మీదిది, ఊడలు మీవి. ఈసారి తొలకరికి ట్రాక్టరు గట్టు దిగేముందు గాలి ఎంతుందో అడగండి. డ్రైవరు నవ్వినా సరే, గేజి పెట్టి చూపించమనండి.