వైఫల్యాలను దాచని వైద్యరచన: విలియం విథరింగ్ ‘ఫాక్స్‌గ్లోవ్’ గ్రంథం – పరిశీలన

వ్యాససంగ్రహం:
గుండెకు మేలుచేసే మొక్కల గురించి తెలుగులో విరివిగా వ్యాసాలు వెలువడుతున్నాయి. అటువంటి రచనల విశ్వసనీయతను దేనినిబట్టి నిర్ణయించాలి? 1785లో వెలువడిన విలియం విథరింగ్ గ్రంథం ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వైద్యరచన, ఫాక్స్‌గ్లోవ్, డిజాక్సిన్, గన్నేరు, తెల్లమద్ది, మోతాదు.

1. ఉపోద్ఘాతం:
విలియం విథరింగ్ (1741-1799) ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరంలో వైద్యులు, వృక్షశాస్త్రజ్ఞులు. ఒంటికి నీరు పట్టే జబ్బుకు వాడే ఒక ఇంటిమందుపై అభిప్రాయం చెప్పమని 1775లో ఆయనను అడిగారు. ష్రాప్‌షైర్ ప్రాంతపు వృద్ధురాలొకరు చాలాకాలం రహస్యంగా ఉంచుకున్న మందు అది. అందులో ఇరవైకి పైగా మూలికలున్నప్పటికీ, పనిచేస్తున్నది ఫాక్స్‌గ్లోవ్ అనే పూలమొక్క ఒక్కటేనని ఆయన గ్రహించారు. పదేళ్ల అనుభవం తరువాత ‘ఏన్ అకౌంట్ ఆఫ్ ది ఫాక్స్‌గ్లోవ్’ అనే గ్రంథాన్ని ప్రకటించారు.

2. తనకు ప్రతికూలమైన సాక్ష్యం:
ఈ గ్రంథంలో 150కి పైగా రోగుల వివరాలున్నాయి. నయమైనవారిని మాత్రమే ఎంచుకొని చూపితే మందుకు మంచిపేరు వచ్చేదని, అయితే సత్యం అందుకు ఒప్పుకోదని రచయిత పీఠికలోనే స్పష్టం చేశారు. అందువల్ల గుణం కనిపించనివారు, మందు వికటించినవారు, మరణించినవారు కూడా ఈ పుటల్లో ఉన్నారు. తొలినాళ్లలో మోతాదు మరీ ఎక్కువగా ఇచ్చానని, ఆపవలసిన సమయానికి ఆపలేదని ఆయన ఒప్పుకున్నారు. మోతాదు మించితే వాంతులు, వస్తువులు ఆకుపచ్చగానో పసుపుపచ్చగానో కనిపించడం, నాడి నిమిషానికి 35కి పడిపోవడం, మూర్ఛ, చివరకు మరణం సంభవిస్తాయని వరుసగా చెప్పారు. ఏ ఆకును ఏ దశలో కోయాలో, ఏ లక్షణం కనిపించగానే మందు ఆపాలో కూడా నిర్దేశించారు. ఈ జాగ్రత్తలు లేకపోతే ఆ గ్రంథం ఒక మొక్కకు స్తుతిగా మిగిలిపోయేది.

3. గ్రంథంలోని మౌనం:
అయితే ఈ నిజాయితీకి ఒక హద్దు ఉంది. తమ అనుభవాలను ఉత్తరాల ద్వారా తెలిపిన వైద్యుల పేర్లు గ్రంథంలో ఉన్నాయి. మందుకు మూలమైన వృద్ధురాలి పేరు లేదు. ప్రజావైద్య జ్ఞానం శాస్త్రగ్రంథంలోకి ప్రవేశించేటప్పుడు దానిని కాపాడుకొచ్చిన మనిషి వెలుపలే నిలిచిపోవడం ఇక్కడ గమనించదగిన అంశం.

4. ‘రక్షణ’ అనే మాట:
ఈ జాతి మొక్కనుంచే 1930లో డిజాక్సిన్‌ను వేరుచేశారు. గుండె కణాల్లో సోడియం, పొటాషియంల రాకపోకలను నడిపే వ్యవస్థను ఇది అడ్డుకుంటుంది; దానివల్ల కణంలో కాల్షియం పెరిగి గుండె బలంగా ముడుచుకుంటుంది. గుండె వైఫల్యం ఉన్న 6,800 మందిపై జరిగి, 1997లో వెలువడిన పరిశోధనలో డిజాక్సిన్ మొత్తం మరణాలను తగ్గించలేదు. ఆసుపత్రిలో చేరవలసిన అవసరాన్ని మాత్రం తగ్గించింది. అంటే బాధ తగ్గడం వేరు, ఆయుష్షు పెరగడం వేరు. ‘గుండెను కాపాడుతుంది’ అన్న ఒక్క వాక్యం ఈ రెంటి మధ్య భేదాన్ని చెరిపివేస్తుంది.

5. తెలుగు సందర్భం:
మొక్కనుంచి వచ్చింది కనుక హాని లేదన్న వాదం తెలుగు ఆరోగ్యరచనల్లో తరచు కనిపిస్తుంది. ఆ వాదానికి జవాబు తెలుగువారి పెరట్లోనే ఉంది. గన్నేరు, పచ్చగన్నేరుల్లో ఉన్నవి కూడా ఫాక్స్‌గ్లోవ్‌లోని పదార్థాల కోవకు చెందినవే. గన్నేరుపప్పు ప్రాణం తీస్తుందని పల్లెల్లో ఎవరూ ప్రత్యేకంగా నేర్పనక్కరలేదు. ఈ లోకజ్ఞానం ఆరోగ్యవ్యాసాల్లోకి రాకపోవడం విచారకరం.

తెల్లమద్ది విషయం కొంత భిన్నం. దీని బెరడును హృద్రోగాలకు వాడే సంప్రదాయం వాగ్భటుని కాలంనుంచి ఉంది. అర్జునోలిక్ ఆమ్లం వంటి పదార్థాలు అందులో ఉన్నాయి. అయితే ఇంతవరకు జరిగిన పరిశీలనల్లో ఎక్కువభాగం జంతువులపైన, కొద్దిమంది రోగులపైన చేసినవి. సంప్రదాయపు ప్రాచీనత పరిశోధనకు ప్రేరణ కావచ్చు. రుజువు మాత్రం కాజాలదు. డాక్టరు రాసిన మందులు మానేసి బెరడు కషాయాన్నే నమ్ముకొనే పాఠకుడికి ఈ భేదం ప్రాణావసరం.

6. ముగింపు:
విథరింగ్ వైద్యజ్ఞానంలో కొంతభాగం కాలంతోపాటు పాతబడింది. ఫాక్స్‌గ్లోవ్‌ను ఆయన ప్రధానంగా మూత్రాన్ని జారీచేసే మందుగానే భావించారు. గుండె కదలికపై దానికున్న శక్తిని గమనించినా, అది పనిచేసే తీరు ఆయనకు తెలియదు. అయినప్పటికీ ఆ గ్రంథాన్ని నేటికీ నమ్మకంతో చదవగలుగుతున్నామంటే కారణం, ఆయన తన పొరపాట్లను కూడా పాఠకుడి ముందుంచడమే. మొక్కల గురించి రాసే తెలుగు రచయితలు ఏ భాగం, ఎంత మోతాదు, ఎవరికి పనిచేయలేదు, ఎవరికి హాని చేసింది అన్న వివరాలను కూడా చేర్చినప్పుడే ఆ రచనలు పాఠకుడికి నిజంగా మేలుచేస్తాయి.